పెట్రోలు బంకులో కొన్న టైల్స్

ఎనభై అయిదు వేల రూపాయలకు పెట్రోలు పోయించుకున్నామట మేము! మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పాత స్కూటరు. దాని ట్యాంకులో వంద రూపాయలకు మించి పోయించిన పాపాన పోలేదు మా ఆయన. కానీ ఆ శుక్రవారం సాయంత్రం ఆయన జేబులోంచి తీసి నా చేతిలో పెట్టిన రసీదు అదే చెబుతోంది. పైన పెట్రోలు బంకు పేరు, మధ్యలో ఎనభై అయిదు వేలు, కింద నా సంతకం. నేను పెట్టని నా సంతకం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో తెలియాలంటే ముందు నా కుడిచేతి బొటనవేలి సంగతి చెప్పాలి.

మాది గుడివాడ. నాకు కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి సంతోష్‌నగర్‌లో కాపురం పెట్టి అప్పటికి పదమూడేళ్ళు. రెండు గదుల అద్దె ఇల్లు. నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున నాలుగింటికి. నేను, మా ఆయన భరద్వాజ్, ఇద్దరు పిల్లలు, మా మామగారు గోపాలకృష్ణమూర్తి గారు. అయిదుగురి రెండు రోజుల బట్టలు ఆ గంటన్నరలో ఉతికి పిండి ఆరేసి, వంట చేసి, పదింటికి ఆఫీసులో కూర్చోవాలి. పనిమనిషిని పెట్టుకుందామంటే నాలుగింటికి ఏ మహాతల్లి వస్తుంది? పిండీ పిండీ బొటనవేలి కీలు వాచిపోయింది. పెన్ను పట్టుకుంటే ప్రాణం లాగేది. డాక్టరు ఒకటే మాట అన్నాడు: "మందులు సరేనమ్మా, ముందు బట్టలు పిండటం మానెయ్యండి."

ఆ మాటే ఇంటికొచ్చి చెప్పి, వాషింగ్ మెషిన్ కొందామన్నాను. మా ఆయన పేపరు మడవకుండానే, "జల్‌పల్లిలో మన ఇంటికి గోడలు లేచి నిలబడ్డాయి, తలుపుల్లేవు, నేల లేదు. ఇప్పుడు వాషింగ్ మెషినా? మా అమ్మ అయిదుగురు పిల్లల బట్టలు ఉతకలేదా?" అన్నారు.

ఉతికింది పాపం. ఆవిడ పదింటికి వెళ్ళి ఎవరి కరెంటు బిల్లులూ రాయలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను. ఇల్లు కట్టడానికి ఆఫీసులో తీసుకున్న అప్పు నా జీతం మీదే అని కూడా అనలేదు. ఆ రోజుల్లో చాలా మింగేదాన్ని.

అడిగి లాభం లేదని తేలాక నా దారి నేను చూసుకున్నాను. ఏడాదిన్నర కింద బ్యాంకు వాళ్ళు మా ఆఫీసుకొచ్చి అందరికీ క్రెడిట్ కార్డులు అంటగట్టి పోయారు. దాంతోపాటు ఒక రంగుల పుస్తకం ఇచ్చారు, పాయింట్లు పోగేస్తే ఇచ్చే బహుమతుల పుస్తకం. పద్నాలుగో పేజీలో వాషింగ్ మెషిన్ ఉంది. తొమ్మిది వేల పాయింట్లు. చీరలు, పిల్లల బూట్లు, కిరాణా, ఏది కొన్నా కార్డు గీకి, గడువులోపల పైసా మిగల్చకుండా కట్టేసి, రెండు వేల నాలుగు వందలు పోగేశాను. అలా అయితే ఇంకో నాలుగేళ్ళు పడుతుంది. అప్పటికి నా వేలు ఉంటుందా?

2004 దసరాకి బ్యాంకు వాళ్ళు కాయితం పంపారు. అక్టోబరు నెలాఖరు దాకా నాలుగింతల పాయింట్లు, అంటే వంద రూపాయలకి రెండు బదులు ఎనిమిది. సరిగ్గా ఆ నెలలోనే జల్‌పల్లి ఇంటికి టైల్స్, బాత్‌రూము సామాను కొనాలి. ఎలాగూ పెట్టే ఖర్చే. ఎనభై అయిదు వేలు కార్డు మీద గీకితే ఆరువేల ఎనిమిది వందల పాయింట్లు. ఉన్నవాటితో కలిపితే తొమ్మిది వేలు దాటుతాయి. నా బిల్లు ఇరవై అయిదో తారీఖున తయారవుతుంది. ఆ తర్వాత కొంటే కట్టడానికి దాదాపు యాభై రోజులు గడువు. ఆలోపు ఆఫీసు అప్పు తాలూకు తర్వాతి విడత సొమ్ము చేతికొస్తుంది, కట్టేయొచ్చు. బంగారానికీ పెట్రోలుకీ మాత్రం పాయింట్లు ఇవ్వరు. ఇవన్నీ బ్యాంకుకి మూడుసార్లు ఫోను చేసి కనుక్కున్నాను. ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేని నా మెషిన్!

కార్వాన్‌లో టైల్స్ దుకాణం ఎల్లేష్ దగ్గరికి నేనే స్వయంగా వెళ్ళి, కార్డు మెషిన్ ఉందా అని అడిగి, కళ్ళతో చూసి వచ్చాను. "ఉన్నది గానీ అక్కా, కార్డు మీదైతే రెండు శాతం ఎక్కువ వడ్తది. బ్యాంకోళ్ళు మాకాడ కోస్తరు" అన్నాడు. అంటే పదిహేడు వందలు. ఏడెనిమిది వేల వాషింగ్ మెషిన్ వస్తుంటే పదిహేడు వందలు ఎంత? సరేనన్నాను. శనివారం వస్తానన్నాను. మా ఆయనకీ అంతా విడమరచి రెండుసార్లు చెప్పాను. ఆయన పేపరు వెనక నుంచి రెండుసార్లూ "ఊఁ" అన్నారు.

ఆ "ఊఁ"ను నమ్మడం నా బుద్ధితక్కువ.

శుక్రవారం మా ఆఫీసులో తనిఖీ. నేను తల ఎత్తే తీరిక లేకుండా ఉంటే, ఈయనగారు సెలవు పెట్టి, బీరువాలో నా చీరల కింద దాచుకున్న కార్డు తీసుకుని, కార్వాన్ వెళ్ళి బేరం ముగించుకొచ్చారు. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే రసీదు చేతిలో పెట్టారు.

"నీకు బేరం చేతకాదు అమృతా. రెండు శాతం ఇవ్వనంటే ఇవ్వనన్నాను. దెబ్బకి దారికొచ్చాడు. వాళ్ళ బావమరిదికి అక్కడే పెట్రోలు బంకుంది. బంకు మెషిన్ మీద గీకితే వాళ్ళకేం కోత పడదట. సరుకు లారీలో జల్‌పల్లి చేరిపోయింది కూడా. పదిహేడు వందలు మిగిల్చాను!"

"మిగిల్చారా? పెట్రోలుకి పాయింట్లు రావని చెప్పానా లేదా? పైగా బంకులో గీకితే బ్యాంకు మన దగ్గరే రెండున్నర శాతం లాగుతుంది. వాళ్ళకి కోత పడదు, మనకి పడుతుంది! రెండు వేల పైచిలుకు!"

"మనం కొన్నది టైల్సే కదా?"

"బ్యాంకుకి ఏం తెలుస్తుంది? మెషిన్ ఎవరిదైతే సరుకు వాళ్ళదే!" నా గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "అది సరే, ఈ సంతకం ఎవరు పెట్టారు?"

ఆయన నవ్వారు. నిజంగా నవ్వారు! "నేనే. అచ్చం నీలాగే వచ్చింది, చూశావా?"

నా కార్డు. నా పేరు. నా జీతం మీద అప్పు. ఆఖరికి నా సంతకం కూడా ఆయనదే. ఇక మింగడం నావల్ల కాలేదు. బ్యాంకుకి ఫోను చేశాను. ఆ బంకు వాళ్ళు ఇవాళ్టి లెక్క మెషిన్‌లోంచి పంపేయకముందే అయితే అక్కడే రద్దు చేయించుకోవచ్చని, పంపేస్తే ఇక కష్టమని చెప్పారు. టైము ఆరున్నర.

"లేవండి. స్కూటరు తీయండి."

"ఇప్పుడా? రంజాను రోజులు, ఈ ట్రాఫిక్‌లో..."

"లేవండి!"

మామగారు కుర్చీలోంచి, "వెళ్ళరా, వెళ్ళు" అన్నారు. ఆయన పంచెలు పిండేది నేనే కదా, తెలుసు.

చాదర్‌ఘాట్ మీదుగా పురానాపూల్ దాటి కార్వాన్ చేరేసరికి ఏడున్నర. ఎల్లేష్‌ను దుకాణంలోంచి లేపి, వెంటబెట్టుకుని బంకుకి వెళ్ళాను. అతని బావమరిది రామ్‌చందర్ నోట్లకట్ట రబ్బరు బ్యాండుతో చుడుతూ మా మాట విన్నాడు.

"ఒకసారి గీకినంక వాపస్ గాదమ్మా. ఎన్మిది గంటలకు లెక్క వంపిస్తం. అయిపోయినదానికి ఏంది గీ లొల్లి?"

"ఎనిమిదింటికా? ఇంకా అరగంట ఉంది. రద్దు చేయండి."

"గట్లెట్ల అయితది? సారే వచ్చి గీకిచ్చిండు, సారే దస్కత్ జేసిండు."

రసీదు అతని బల్ల మీద పెట్టాను. "కార్డు మీద పేరు చదవండి. అమృత. సార్ పేరు అమృతా? ఈ సంతకం నాది కాదు. నేను పెట్టలేదు. ఈ ముక్క బ్యాంకుకి ఇక్కడి నుంచే ఫోన్లో చెప్పనా?"

రామ్‌చందర్ చేతిలో రబ్బరు బ్యాండు ఆగిపోయింది. ఎల్లేష్ మధ్యలోకి వచ్చాడు. "అక్కా, అక్కా, జర సబర్ జెయ్. భార్యాభర్తల నడుమ గిదంత ఏంది? ఎవలు వెట్టినా నడుస్తది అక్కా, అందరు గట్లనే వెడ్తరు."

"అందరూ పెడతారా? టైల్స్ అమ్మి పెట్రోలు అని రాసిచ్చారు. పెట్టింది వేరేవాళ్ళని తెలిసీ సంతకం తీసుకున్నారు. బ్యాంకు వాళ్ళు అడిగితే ఈ రెంటిలో దేనికి జవాబు చెప్తావు తమ్ముడూ?"

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. గొంతు తగ్గించి, "ఏంటమృతా ఇది, నడిబజారులో? సంతకం పెట్టింది నేనని తెలిస్తే నా మీదికి రాదూ? మొగుణ్ణి దొంగను చేస్తావా?" అన్నారు.

"నేను చేసేదేముంది? ఎవరు పెట్టారని అడిగితే మీ పేరు చెప్తాను. అంతే."

ఆయన నా ముఖంలోకి చూశారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన అలా పేపరు అడ్డం లేకుండా నన్ను చూడటం నాకు గుర్తులేదు. నేను బెదిరించడం లేదని, నిజంగానే చెప్తానని అర్థమయింది. ఆయన చెయ్యి వదిలేశారు.

"రామ్‌చందర్ గారూ, రద్దు చేసేయండి," అన్నారు నెమ్మదిగా.

ఏడూ యాభైకి బంకు మెషిన్‌లోంచి రద్దయిన కాయితం బయటికొచ్చింది. ఎల్లేష్ దుకాణానికి నడిచి వెళ్ళి, అతని మెషిన్ మీద నా కార్డు గీకించాను. "రెండు గాదు అక్కా, ఒక్క శాతం ఇయ్యి. నీతోటి గొడవ నాకొద్దు" అన్నాడు. బేరం చేతకాదట నాకు! బొటనవేలు సలుపుతుంటే నా సంతకం నేను పెట్టుకున్నాను.

డిసెంబరులో వాషింగ్ మెషిన్ వచ్చింది. ఆదివారం. అట్టపెట్టె గుమ్మంలో దిగగానే చుట్టుపక్కల వాళ్ళు చేరారు. పక్కింటి సత్తెమ్మ, "ఎంతవెట్టి కొన్నరు సార్?" అని అడిగింది.

"పైసా పెట్టలేదు సత్తెమ్మా! అంతా ప్లానింగు. ఇల్లు కట్టుకునేటప్పుడు బుర్ర ఉపయోగించి కొనుక్కుంటే ఇవన్నీ వాటంతటవే వస్తాయి," అన్నారు మా ఆయన, నడుం మీద చేతులు పెట్టుకుని.

వాటంతటవే వస్తాయట! విన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి ప్రతి అక్షరం విన్నాను. పిడికిలి బిగిస్తే వేలు నొప్పి, బిగించకపోతే మనసు నొప్పి.

మెషిన్ తెచ్చినతను కాయితం, పెన్ను ముందుకు చాపాడు. మా ఆయన చెయ్యి అలవాటుగా పెన్ను మీదికి వెళ్ళింది. నేను గబగబా వచ్చి ఆ పెన్ను ఆయన వేళ్ళలోంచి లాక్కున్నాను.

ఆ వచ్చినతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "సార్ వెట్టినా నడుస్తది మేడం," అన్నాడు.

"నా దగ్గర నడవదు," అన్నాను, సంతకం పెడుతూ.