రెండో తుమ్ము

మా ఊరి వర్తక సంఘం నెలకోసారి వేసే నాలుగు పేజీల పత్రికను రాసేదీ, ప్రింటు తీసేదీ, కొట్టు కొట్టుకూ తిరిగి పంచేదీ నేనే. పర్చూరు రోడ్డులో జిరాక్సు షాపు నాది. సంఘం అధ్యక్షులు బాపయ్య గారు ప్రతి సభలోనూ "మన లక్ష్మీదుర్గ సేవలు మరువలేనివి" అంటారు. అన్న మరుక్షణం మరిచిపోతారు. ఈ నెల మూడో పేజీకి నేను రాసిన వార్తను ఆయన చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివి, "ఇది వద్దమ్మా" అన్నారు. వద్దంటే ఊరుకుంటానా. పత్రికలో వేయనివ్వకపోతే వేరేచోట రాసుకుంటాను.

బాపయ్య గారిది ఎరువులూ విత్తనాల కొట్టు. మనిషి మంచివాడే. చిన్న వ్యాపారులకు అండగా ఉండాలన్న కోరిక ఆయనకు నిజంగానే ఉంది. కాకపోతే తుమ్మంటే హడలి చస్తారు. ఎప్పుడో ఆయన పత్తి లారీ కదలబోతుండగా ఎవరో తుమ్మారట, చీరాల చేరకముందే లారీ కాలవలో పడిందట. అప్పట్నుంచీ ఏ పని మొదలుపెట్టబోయినా ఎవరైనా తుమ్మితే ఆగిపోయి, కుర్చీ తెప్పించుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపటికి మళ్ళీ మొదలుపెడతారు. మనలో చాలామంది చేసే పనే. ఆయన కొంచెం ఎక్కువ చేస్తారు.

అట్లాంటి పెద్దమనిషి ఈ ఏడాది సంఘం తరఫున అండగా నిలబడటానికి ఏరికోరి ఎంచుకున్న వ్యాపారం ఏమిటో తెలుసా? కారం మర.

మర క్రిస్టీనాది. పెళ్ళి కాకముందు నుంచీ కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు తొడిమలు తీసిన మనిషి. ఆ ఘాటుకు ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఆమె తుమ్మగా చూసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. "మన ఊళ్ళో ఇన్ని కాయలుంటే కారం ఆడించుకోటానికి టౌనుకి పోటం ఏందండీ" అని సంఘంలో అడిగింది. సబబుగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు, మర వచ్చింది. చర్చి పక్కన రేకుల షెడ్డు వేసుకుంది. తొడిమలు తీసే పాత కూలి ముఠాలో పని మానేసింది, ఆ చోటు వాళ్ళు వెంటనే ఇంకొకరికి ఇచ్చేశారు.

ఒక్కటే మెలిక. రిబ్బను కత్తిరించేదాకా మర తిరగకూడదని సంఘం నియమం. స్విచ్చుల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పళ్ళెంలో కత్తెర పక్కన పెట్టుకున్నారు బాపయ్య గారు.

మా వైపు ఏ ఇంట్లోనైనా ఏడాదికి సరిపడా కారం ఒక్కసారే ఆడిస్తారు. కాయలు బాగా ఎండాక, ఆవకాయలు మొదలయ్యేలోపు. ఆ కాస్త సీజను జారిపోతే క్రిస్టీనా మరకు మళ్ళీ వచ్చే వేసవిదాకా పనుండదు, ఆమెకు కూలీకి వెళ్ళడానికి పాత చోటూ ఉండదు. అందుకే ప్రారంభం రోజు పొద్దున్నే షెడ్డు ముందు కాయల సంచులతో, బేసిన్లతో ఆడవాళ్ళు బారులు తీరి కనపడేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. నాకైతే అప్పుడే భయం వేసింది. అన్ని ఎండుమిరపకాయల మధ్య తుమ్మకుండా ఎవరుంటారు?

ముందు పాస్టరు గారు ప్రార్థన చేశారు. మధ్యలో గట్టిగా తుమ్మారు కూడా. దేవుడు ఏమీ అనుకున్నట్టు లేదు, ప్రార్థన సాఫీగా ముగిసింది. తర్వాత బాపయ్య గారు కత్తెర ఎత్తారు. వరసలో ముందున్న సుబ్బరావమ్మ తుమ్మింది.

కత్తెర దిగింది. కుర్చీ వచ్చింది. సోడా బండి అంకయ్య గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. కాసేపాగి మళ్ళీ కత్తెర లేచింది. ఈసారి వరస వెనకనుంచి ఎవరో తుమ్మారు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ నీళ్ళు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇదే తంతు. చివరికి అన్నిసార్లు నీళ్ళు తాగిన బాపయ్య గారికి అర్జంటుగా ఇంటికి పరిగెత్తాల్సి వచ్చింది. ఆయన తిరిగొచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది. "కారం మర ఘనంగా ప్రారంభం" అని నేను ముందే తీసిపెట్టుకున్న ప్రింట్లు పొట్లాలు కట్టుకోమని పకోడీల కొట్టుకి ఇచ్చేశాను.

రెండో ముహూర్తానికి కాయలతో ఎవరూ రాకూడదన్నారు. షెడ్డు కడిగించారు. రిబ్బను గుమ్మానికి కాకుండా రోడ్డు మీద కట్టారు. అక్కడా గాలి ఘాటుగా ఉందని ఇంకా ఇవతలికి, బడి గేటు దగ్గరికి తెచ్చారు.

"ఇక్కడ కత్తిరిస్తే ప్రారంభమయ్యేది మరా, బడా?" అనడిగాను.

"ఇంటెన్షన్ ముఖ్యం అమ్మాయ్," అన్నారు బాపయ్య గారు.

కత్తెర ఎత్తారు. అప్పుడే మిరప బస్తాల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ మా పక్కనుంచి వెళ్ళింది. ఆయనే తుమ్మారు.

ఆ సాయంత్రం సంఘం అత్యవసర సమావేశం పెట్టారు. క్రిస్టీనా తలుపు దగ్గర నిలబడింది. "అయ్యగారూ, ఆ తాళంచెవి ఇయ్యండి. జనం కాయలు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారు. ఓపెనింగు మీకు వీలున్నప్పుడు చేద్దురుగాని," అంది. బాపయ్య గారు నొచ్చుకున్నారు. "ఏందమ్మా ఆ మాట! నీ మంచి కోరి కాదా నేను ఇంత తంటాలు పడేది? చెడ్డ శకునంలో మొదలెడితే రేపు నువ్వు నష్టపోతే ఎవరిది బాధ్యత?" అన్నారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అండగా నిలబడేవాళ్ళు ఇంత గట్టిగా నిలబడితే పాపం అవతలి మనిషి ఎటు కదులుతుంది?

అప్పుడు సిమెంటు కొట్టు యలమందకు ఆలోచన వచ్చింది. యలమందకు ఆలోచన వచ్చిందంటే నేను సంచి సర్దుకుంటాను గానీ, ఆ రోజు ఆలస్యమైపోయింది.

"ఒక్క తుమ్మైతే గదా చెడ్డది? రెండు తుమ్ములు శుభం అంటారు గదా! ఎవరన్నా తుమ్మారనుకోండి, వెంటనే రెండోది మనమే తుమ్మిస్తే సరి!"

సభంతా చప్పట్లు. పుట్టినప్పట్నుంచీ రొంప వదలని అంకయ్య ఊళ్ళో ఉండగా రెండో తుమ్ముకు కరువేమిటి? తుమ్మమంటే తుమ్ముతాడు, ఆగమంటే ఆగుతాడు. పిలిపించి అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి తుమ్మి చూపించాడు. సోడా బండికి సెలవిచ్చి సంఘం వారి అధికారిక రెండో తుమ్ముగా చేరిపోయాడు.

మూడో ముహూర్తం సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కత్తెర లేవగానే సుబ్బరావమ్మ తుమ్మింది. అంకయ్య రెండోది వేశాడు. శుభం. ఇంతలో యలమంద తుమ్మాడు. అంకయ్య జత కలిపాడు. ఆ వెనక ఇద్దరు ఒకేసారి తుమ్మారు, కంగారులో అంకయ్య ఇంకొకటి వేశాడు. ఇప్పుడు లెక్క సరా, బేసా? బాపయ్య గారికి ముక్కు దాకా వచ్చి ఆగిపోయిన తుమ్మును లెక్కలోకి తీసుకోవాలా వద్దా? సగానికి వర్తించదని కొందరు, రేపు బయటికి వచ్చాక వర్తిస్తుందని కొందరు. "లక్ష్మీదుర్గ రాస్తుంది గదా, చూసి చెబుతుంది" అన్నారు ఎవరో. తుమ్ములు రాసుకోవడానికి నేను డిగ్రీ చదవలేదని గట్టిగా అరిచాను. అరుస్తుంటే నాకే తుమ్ము వచ్చింది. ముహూర్తం ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

మర అట్లాగే ఉంది. అంకయ్య పేరు మాత్రం ఊరూరా పాకింది. మిర్చి యార్డుకు కాయలు తోలుకెళ్ళేవాళ్ళు పొద్దున్నే వాకిట్లో అంకయ్యను నిలబెట్టుకున్నారు. కొత్త బండి కొన్నవాళ్ళు, పెళ్ళిచూపులకు బయల్దేరేవాళ్ళు, బోరు వేయించేవాళ్ళు అందరికీ అంకయ్యే కావాలి. మనిషి ఇస్త్రీ చొక్కా తొడిగాడు. సోడా బండి మీద పట్టా కప్పాడు.

సంఘానికి ఇది గర్వకారణమైంది. మన కళ్ళముందు మన ఊళ్ళోనే ఒక చిన్న వ్యాపారం మొలకెత్తి ఎదుగుతుంటే అండగా నిలబడకపోతే ఎట్లా? క్రిస్టీనా షెడ్డు పక్కనే తడికలతో గది వేయించి, "అంకయ్య రెండో తుమ్ము కేంద్రం" అని బోర్డు రాయించారు. ప్రారంభానికి ముహూర్తం చూశారు. రెండు తుమ్ములతో తానే మొదలయ్యే వ్యాపారం కాబట్టి దీనికి ఏ అడ్డూ ఉండదని బాపయ్య గారు ధీమాగా ఉన్నారు. ఆ రోజు పొద్దుగుంకేదాకా ముహూర్తం మంచిదేనట.

క్రిస్టీనా మర సంగతి ఎజెండాలో లేదు. ఆమె ఆ ముందు రోజు నా షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. "రేపటిదాకా చూసి ఎల్లుండి అందరూ ఆటో మాట్టాడుకుని టౌనుకి పోతన్నారంట అక్కా. ఇంక నా పని అయిపోయినట్టే," అంది. టీ తెప్పించాను. తాగకుండా వెళ్ళిపోయింది.

కేంద్రం ప్రారంభానికి జనం బాగానే వచ్చారు. అంకయ్య ఇస్త్రీ చొక్కాలో రిబ్బను ముందు నిలబడ్డాడు. ముందు ఒక జత తుమ్మి చూపించాలి, ఆ వెంటనే రిబ్బను కత్తిరించాలి, అదీ కార్యక్రమం. బాపయ్య గారు కత్తెర ఎత్తి, "ఊఁ, అంకయ్యా" అన్నారు.

అంకయ్య ముక్కు ఎగబీల్చాడు. నోరు తెరిచాడు. మూశాడు. "రావట్లేదండీ," అన్నాడు.

"రాకపోవటం ఏందిరా!"

"నిన్న గుంటూరులో డాక్టరు ముక్కులో చుక్కలేశాడండీ. ఎండిపోయినట్టుంది. కాస్త ఘాటు తగిలితే వచ్చుద్దేమో."

బాపయ్య గారు చుట్టూ చూశారు. పక్కనే షెడ్డు, షెడ్డులో మర, వాకిట్లో క్రిస్టీనా.

"అమ్మాయ్, మర తిప్పు!"

క్రిస్టీనా చేతులు కట్టుకుంది. "ఇంకా ఓపెనింగు కాలేదు గదండీ."

"ఓపెనింగు సంగతి తర్వాత చూద్దాం, ముందు తిప్పమ్మా! ముహూర్తం పోద్ది!" అంటూ పళ్ళెంలోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.

ఉత్త మర తిరిగితే ఘాటెక్కడిది? కాయలు కావాలి. ఒక్క కేకకు ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళంతా సంచులతో వచ్చేశారు. మొదటి సంచి సుబ్బరావమ్మది. మర పొలికేక పెట్టి అందుకుంది. ఎర్రటి పొగలాంటి దుమ్ము షెడ్డులోంచి రోడ్డు మీదికి వచ్చింది. బాపయ్య గారు తుమ్మారు, యలమంద తుమ్మాడు, పాస్టరు గారు తుమ్మారు, మైకు తుమ్మినట్టు గరగరమంది. అంకయ్య మాత్రం తుమ్మలేదు. "ఇంకాస్త ఘాటు కావాలండీ," అన్నాడు.

రెండో సంచి, మూడో సంచి. మధ్యాహ్నమైంది. బాపయ్య గారు తువ్వాలు ముఖానికి చుట్టుకుని, "ఏమైనా కదిలిందా?" అని అడుగుతూనే ఉన్నారు. "దగ్గర్లోకి వచ్చి ఎనక్కి పోయిందండీ. ఆపమాకండి, ఆపితే మళ్ళీ మొదటికొచ్చుద్ది." కాయలు వస్తున్నాయి, కారమై పోతున్నాయి.

ఎండ వాలుతున్నప్పుడు నేను అంకయ్య దగ్గరికి వెళ్ళి చూశాను. మనిషి పందిరి రాటను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి. పై పెదవిని పళ్ళతో కరిచి పట్టాడు. ఛాతీ పొంగుతోంది, అణుగుతోంది. అప్పుడు అర్థమైంది నాకు. ముక్కులో చుక్కలూ లేవు, డాక్టరూ లేడు. పొద్దుట్నుంచీ తుమ్ములన్నీ లోపలే అణచిపెట్టుకుని నిలబడ్డాడు. రోజంతా ఒక్క తుమ్ము తుమ్మలేకపోయిన వాణ్ణి రేపట్నుంచి రెండో తుమ్ముకు ఎవరు పిలుస్తారు? ఆ సంగతి వాడికి తెలియదా?

"అంకయ్యా, నీ కేంద్రం ఏమవుద్దిరా?" అన్నాను చిన్నగా.

నోరు తెరిస్తే ఎక్కడ బయటపడుతుందోనని పళ్ళ మధ్యనుంచే గొణిగాడు. "సోడా బండి ఎక్కడికీ పోలేదు గదమ్మా."

నేను ఇంతకాలం ఆ పత్రికలో ఎంతమందిని చిన్న వ్యాపారులకు అండ అని రాశానో లెక్కలేదు. సిగ్గేసింది.

చివరి సంచి పొద్దుగుంకే వేళకు పడింది. మర నెమ్మదించి ఆగింది. అంకయ్య ఎర్రబడ్డ ముఖం షెడ్డు వైపు తిప్పాడు.

"అయినయ్యా అమ్మా?"

"అయిపోయినయ్ బాబాయ్," అంది క్రిస్టీనా. ఒంటినిండా కారం, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

అప్పుడు రాట వదిలి తుమ్మాడు అంకయ్య. రేకుల మీది పావురాలు ఎగిరిపోయాయి. ఇంకా ఎన్నో వస్తాయని అందరం ఎదురుచూశాం. ఏమీ రాలేదు. రోజంతా అణిచినవన్నీ కలిసి ఆ ఒక్కటిగా వెళ్ళిపోయినట్టున్నాయి. వాడు మళ్ళీ మళ్ళీ ముక్కు ఎగబీల్చాడు. ఖాళీ.

ఒక్క తుమ్ము. బాపయ్య గారి ముఖం పాలిపోయింది. కత్తెర పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది. అంకయ్య తల వంచుకున్నాడు. ఇంకెవరైనా తుమ్ముతారేమోనని నేను చుట్టూ చూశాను. పొద్దుట్నుంచీ తుమ్మి తుమ్మి ఒక్కరి ముక్కులోనూ పస మిగల్లేదు.

షెడ్డులోంచి "హాచ్ఛ్" అని వినపడింది.

క్రిస్టీనా. కాగితం మీద రాసుకుని చదివినట్టుంది, అది ఎంత ఒట్టి తుమ్మో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. జన్మలో తుమ్మని మనిషి గుమ్మంలో నిలబడి, చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి బాపయ్య గారి వంక చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. సుబ్బరావమ్మ ఏదో అనబోతే పక్కావిడ మోచేత్తో పొడిచింది.

బాపయ్య గారు ఆమెను చూశారు, అంకయ్యను చూశారు, కారం సంచులను చూశారు. దిగబోయిన కత్తెరను మళ్ళీ పైకెత్తారు.

"రెండు," అన్నారు. "లెక్క సరిపోయింది. రాసుకో లక్ష్మీదుర్గా."

రాసుకున్నాను.