తడి ఆరని పడుగు

ఆ ఆదివారం తలుచుకుంటే నాకిప్పటికీ రోత పుడుతుంది. గుడియాత్తం పక్కన మా చెరువు గట్టు మీద మగ్గానికెక్కించాల్సిన నిలువు పోగుల్ని, నలభై గజాల పడుగును సాచి, వీధి వీధంతా గంజి పెడుతున్నాం. బోటింగ్ కాంట్రాక్టు పట్టిన సురేంద్రన్ మనుషులు వచ్చారు. వేలూరు నుంచి కార్లొస్తున్నాయి, చుట్టెయ్యండి అన్నారు. గంజి తడి ఆరకుండా పడుగు చుట్టకూడదని మా పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా చుట్టాం. మిల్లుల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్ళు వినాలనే దాచకుండా చెబుతున్నాను. ఎవరూ మా మెడ పట్టుకోలేదు. మా చేతులతో మేమే చుట్టాం.

మర్నాడు విప్పితే పోగులన్నీ అట్టకట్టి పులిసిన కంపు కొట్టాయి. నెల రోజుల నేత పెంటకుప్ప పాలైంది. రబ్బరు తెప్పలెక్కి కేరింతలు కొట్టినవాళ్ళు గట్టు నిండా చిప్సు కవర్లు, నమిలిన బిర్యానీ ఎముకలు వదిలిపోయారు. ఆ వారమే గట్టుకు ముళ్ళకంచె పడింది. ఇక అది కార్లు నిలపడానికట. మా సందుల్లో నలభై గజాలు సాచే చోటు లేదు. గట్టు పోతే మగ్గం పోయినట్టే.

మగ్గాల సంఘం తరఫున పచ్చయమ్మ వాకిట్లో మీటింగు పెట్టాను. యాభై ఏళ్ళుగా గంజి కుంచె పట్టిన మనిషి ఆమె.

"కలెక్టరాఫీసులో అర్జీ ఇద్దాం," అన్నాడు ఉదయకుమార్. మా వీధి నేతగాళ్ళలో కాస్త చదువుకున్నవాడు.

"రెండుతూర్లు ఇచ్చినాం గదప్పా," అంది పచ్చయమ్మ. "అర్జీ తీసుకున్న ఆఫీసరు మొన్న పెండ్లాం బిడ్డల్తో వచ్చి స్పీడు బోటెక్కినాడు. నా కండ్లారా చూసినా. వచ్చే ఆదివారం కంచె పీకి, బోట్ల దారికి అడ్డంగానే పడుగు సాచుదాం."

"పోలీసులొస్తే?" అన్నాడు ఉదయకుమార్.

"రానీ. తడి పడుగు చుట్టినామే, అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకేముండాది?"

వెనక నిలబడిన అప్పాసామి ముందుకొచ్చాడు. ఒకప్పుడు ఆ చెరువులోనే చేపలు పట్టినవాడు, ఇప్పుడు సురేంద్రన్ బోటు తోలుతున్నాడు.

"నన్ను వాడి మనిషని చూడొద్దక్కా. మీరు సాచండి. ఆ పొద్దు నా బోటు కదల్దు."

ఆదివారం తెల్లారేసరికి కంచె గుంజలు పీకేశాం. బోట్ల రేవుకు పోయే దారికి అడ్డంగా కొత్త పడుగు సాచాం. సాచిన పడుగును మా వైపు ఎవరూ దాటరు. ఆటోలవాళ్ళు, పూలమ్మేవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళ వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఒకామె దిగి ఫోటో తీసుకుని, "ఈ షో రోజూ ఉంటుందా?" అని అడిగింది.

సురేంద్రన్ పోలీసులను వెంటేసుకుని వచ్చాడు. "తీస్తారా లేదా?"

పచ్చయమ్మ కుంచె ఆపలేదు. "తడి ఆరలేదు నాయనా. ఆరినాక చూస్తాం."

వాడు కొడవలి తెప్పించి నడిమికి కోసేశాడు. రెండు వేల పోగులు మట్టిలో పడ్డాయి. పచ్చయమ్మను, ఉదయకుమార్‌ను, నన్ను వ్యానెక్కించారు.

కిటికీలోంచి చూశాను. ఆడవాళ్ళు తెగిన కొసలకు రెండు వైపులా కూర్చుని, వేళ్ళు జారకుండా బూడిద అద్ది ఒక్కో పోగే మెలిపెట్టి అతుకుతున్నారు. అప్పాసామి రేవు నుంచి వచ్చి, బోటు తాళం నడుముకు దోపుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాడు. అతకడం రాదతనికి. ఒక ముసలమ్మ అతని వేళ్ళు పట్టుకుని చూపించింది. ఆ తర్వాత ఆటోవాళ్ళూ కూర్చున్నారు. పోలీసులు ఒకరిని లేపితే ఆ చోట ఇద్దరు కూర్చుంటున్నారు.

చాలాసేపటికి వ్యాను కదిలింది. పచ్చయమ్మ కమ్మీల్లోంచి అరిచింది. "యాడదాకా అతికినారు?"

"సగందాకా అక్కా."

"తడి ఆరేదాకా చుట్టొద్దండి."

"ఎవురొచ్చి చెప్పినా చుట్టేది లేదక్కా," అన్నారు గట్టు మీదివాళ్ళు.