ఖైతాన్‌లో గంగమ్మ అంబలి

శుక్రవారం పొద్దున సంజీవమ్మకు తీరిక దొరికేది ఎనిమిది దాటాకే. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో ఆమె పనిచేసే ఇంట్లో తొంభై ఏళ్ల ముసలామె ఒకామె ఉంది. ఆమెను లేపి, స్నానం చేయించి, తల దువ్వి, పాలల్లో నానబెట్టిన రొట్టె తినిపించాలి. అదంతా అయ్యాక ఇంటి యజమానురాలు తల ఊపుతుంది. ఆ యజమానురాలిని సంజీవమ్మ పద్నాలుగేళ్లుగా, అక్కడి పనివాళ్లందరి మాదిరే, మామా అనే పిలుస్తోంది.

"యల్లా, బయల్దేరు. ఆరింటికల్లా వచ్చేయి" అంటుంది మామా.

వీధి మలుపులో మహమ్మద్ గౌస్ కారు ఆగి ఉంటుంది. గౌస్‌దీ సంజీవమ్మ వైపే, రాయచోటి. పనివాళ్లను నలుగురైదుగురిని ఎక్కించుకుని ఖైతాన్‌లో దింపుతాడు. దారిలో ఒక అంగడి ముందు తనే కారు ఆపుతాడు. "మజ్జిగ తీసుకో అక్కా. లేకుంటే మళ్లా గంగమ్మ నీ మీద అరుస్తాది."

ఆ పాత బిల్డింగులో మూడో అంతస్తు గురప్పది. పగలు సిమెంటు పని చేస్తాడు. పెళ్లాం వెంకటేశ్వరి టైలరింగు చేస్తుంది. ఇద్దరిదీ సంజీవమ్మ అత్తగారి ఊరే, రాయచోటికి అవతల ఓ పల్లె. శుక్రవారం వాళ్లింట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరతారు. పది గంటలకల్లా గంగమ్మ కూడా వస్తుంది.

వస్తుందంటే మెట్లెక్కి నడిచే వస్తుంది. మొహం నిండా పసుపు, అర్ధరూపాయంత బొట్టు, పగిలిన మడమలు, ఎర్రంచు పసుపుపచ్చ నూలుచీర. చూస్తే అరవై ఏళ్లుంటాయనిపిస్తుంది. "లిఫ్టు బాగు చేయించరా మీరు? నా మోకాళ్లేమన్నా రాళ్లనుకున్యారా?" అని తిట్టుకుంటూనే లోపలికి అడుగు పెడుతుంది. కుర్చీ వేస్తే కూర్చోదు. చల్లగా ఉంటుందని గోడకానుకుని నేల మీదే చతికిలబడుతుంది. చెంబెడు రాగంబలి, నాలుగు ఎర్రగడ్డ ముక్కలు, ఒక పచ్చిమిరపకాయ. తిన్నంతసేపూ అందరి కష్టాలూ వింటుంది. ఆమె వెళ్లాక ఈజిప్టు వాచ్‌మన్ మెట్ల మీది పసుపు పాదాల గుర్తులు గుడ్డతో తుడుస్తూ, "మీ పెద్దామె వచ్చి వెళ్లిందా?" అని మాత్రం అడుగుతాడు. ఆమెకు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఉందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆమె మొదటిసారి వచ్చి ఆరేళ్లయింది. అప్పట్లో వెంకటేశ్వరి సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన రాయికి పసుపు పూసి, మూడు బొట్లు పెట్టి, వంటింటి అలమారలో తమ ఊరి గంగమ్మగా నిలబెట్టింది. దాని ముందు నిలబడి సంజీవమ్మ కసిరింది. "మమ్మల్ని ఈ ఎడారికి తోలి నువ్వాడ చల్లగా కూచుంటే ఎట్లమ్మా? ఇది నీకు న్యాయమా?" మరుసటి శుక్రవారం తలుపు చప్పుడైంది. గురప్ప తీసి చూసి, పక్కకు తొలగి, "కాళ్లకు నీళ్లు తేండి మ్మే" అని లోపలికి కేకేశాడు. అంతే.

ఈమధ్యే కొత్తగా నాగదుర్గ వచ్చి చేరింది. అమలాపురం వైపు పిల్ల. రిగ్గైలో బ్యూటీ పార్లర్‌లో పని. మొదటి రోజు పక్కనే పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చుంది.

"మంత్రం గానీ స్తోత్రం గానీ ఉంటే చెప్పండక్కా, రాసుకుంటాను" అంది.

సంజీవమ్మ నవ్వింది. "మంత్రం ల్యా పాపా. ఆకలైతాది, కూడు పెట్టాల. వేడెక్కుతాది, నీళ్లు పోయాల. మనకు కోపమొస్తే తిట్టాల. ఆయమ్మకు కోపమొస్తే తిట్టించుకోవాల."

"మరి కోరికలు కోరుకోరా అండీ?"

"ఎందుకు కోరం? ఇయ్యకపోతే మళ్లా శుక్రవారం అడుగుతాం. యాడికి పోతాది?"

నాగదుర్గ పెన్ను మూత పెట్టేసింది. సంజీవమ్మ ఎర్రగడ్డలు తరుగుతూ తనతో తనే అన్నట్టు అంది. "పైనుంచి చూసేటోళ్లకు మనం చీమల మాదిరి కనపడతాం పాపా. పక్కన కూచుని తినేటోళ్లకు మనుషుల మాదిరి కనపడతాం. నాకు ఆ ఒక్కటీ సాలు."

శివరాత్రి పోయిన మూడో వారంలో వాళ్ల ఊరి గంగమ్మ జాతర. ఆ ఏడు అది శుక్రవారం పడింది. జాతర రోజు కదా, ఇవాళ ఇక్కడికి రాదులే అనుకుని వెంకటేశ్వరి అంబలి కొంచెమే కాచింది. పది గంటలకు మెట్ల మీద తిట్లు వినపడ్డాయి.

"ఇయ్యాల నీ జాతర గదా తల్లీ! ఈడికొస్తివేంది?" అన్నాడు గురప్ప తలుపు తీసి.

"ముందు ఇంత అంబలి పోయి" అంది గంగమ్మ.

ఆమె రెండో గుక్క తాగేలోపే గురప్ప ఫోను మోగింది. ఊరి నుంచి పెంచల్. సంజీవమ్మకు స్వయానా మరిది. వీడియోలో వాడి వెనక గుడి, డప్పులవాళ్లు, ఎండలో నిలబడ్డ ఊరు ఊరంతా. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

"గురప్పన్నా, ఘటం లేస్తల్యా. పొద్దున్నుంచి మా ఇంటిది సుధారాణి మూడుసార్లు ఎత్తబోయింది. నేనూ పట్టినా, మా మేనమామా పట్టినాడు. భూమిలో నాటినట్లుంది. అమ్మ ఏమన్నా మీ తాన ఉందా?"

గురప్ప ఫోను తిప్పి చూపించాడు. గంగమ్మ మిరపకాయ కొరుకుతోంది. అటువైపు ఊరంతా ఒక్కసారి చేతులు జోడించింది.

"తల్లీ, ఏం తప్పు జేసినాం? లేయమ్మా!" అని పెంచల్ వేడుకున్నాడు.

"లేస్తా" అంది గంగమ్మ. "సంజీవి ఎత్తితే లేస్తా."

సంజీవమ్మ చేతిలోని కత్తి ఆగిపోయింది.

ఆ ఊళ్లో జాతరకు ఘటం, అమ్మ నీళ్లకుండ, తలకెత్తేది పెంచల్ వాళ్లింటి కోడళ్లే. పెద్దకోడలిగా వచ్చిన సంజీవమ్మ మూడు జాతరలకు ఎత్తింది. పసుపునీళ్లు మొహం మీదికి కారుతుంటే, డప్పుల మధ్య, ఊరు దారి ఇస్తుంటే నడిచింది. ఆ తర్వాత మొగుడు బెంగుళూరులో ఇంకొకామెతో కాపురం పెట్టి తిరిగి రాలేదు. నాలుగో జాతరకు ఆమె తలంటుకుని, ఉపవాసముండి, ఘటం మీద చేతులు వేయబోతే అత్త ఊరందరి ముందూ ఆ చేతులు పట్టి లాగేసింది. "మొగుడు నిలవని ఆడదాని తల మీద అమ్మ నిలుస్తాదా?" అంది. సంజీవమ్మ ఆ ఏడే కువైట్ విమానం ఎక్కింది. జాతర మాట ఎత్తితే అవతలికి లేచిపోయేది. ఇన్ని శుక్రవారాల్లో ఆ సంగతి గంగమ్మ దగ్గర కూడా నోరు విప్పి చెప్పలేదు.

"నాతో కాదమ్మా" అంది ఇప్పుడు, తల ఎత్తకుండా. "నేను ముట్టుకోగూడదంట."

"ఎవురన్నారు?"

"ఊరన్నాది. మా యత్త అన్నాది."

"నేనన్నానా?"

ఫోనులో అత్త కనబడుతోంది. ఆ మాట ఆమెకూ వినపడింది.

"పద్నాలుగేండ్లు నా మీద అలిగితివి గదమ్మీ" అంది గంగమ్మ. ఈసారి గొంతులో తిట్టు లేదు. "నన్నొక మాట అడిగి అలగాల గదా."

సంజీవమ్మ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. చిన్నప్పుడు తల్లి ఒడిలో తప్ప ఎప్పుడూ అంత బిగ్గరగా ఏడవలేదామె. ఎవరూ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చారు. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని వచ్చి, "బిందె తే వెంకటేశ్వరీ" అంది.

ఇంట్లో ఉన్నది స్టీలు బిందె ఒక్కటే. దాంట్లో నీళ్లు పట్టి పసుపు కలిపారు. నాగదుర్గ చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తి, కార్లు నిలిపే చోట ఉన్న వేపచెట్టు నుంచి రెండు మండలు తుంచుకొచ్చింది. గంగమ్మ చెయ్యి కడుక్కుని, నడుం పట్టుకుని లేచి, బిందె అంచు మీద అరచెయ్యి ఆనించింది. అంతే, అక్కడ మనిషి లేదు. బిందెలో నీళ్లు అంచుదాకా పొంగి నిలబడ్డాయి.

సంజీవమ్మ ఎత్తింది. చంకలోని బిడ్డంత బరువుంది, అంతకు మించి లేదు. తల మీద పెట్టుకుని చేతులు వదిలేసింది. డప్పు లేదని గురప్ప అన్నం డబరా మూత మీద గరిటెతో దరువు మొదలుపెట్టాడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి ఆమె నడిచింది. ఇరుకు గది. కుట్టుమిషను పక్కనుంచి, మడిచిన పరుపుల పక్కనుంచి నడిచింది. ఒక్క చుక్క తొణకలేదు.

"లేచింది!" అని ఫోనులో పెంచల్ అరుపు. సుధారాణి చేతుల్లో ఘటం పూలబుట్ట మాదిరి పైకి లేచింది. అక్కడి డప్పులు, ఇక్కడి మూత కలిసి మోగాయి. అత్త మాత్రం డప్పుల వైపు చూడలేదు. చేతిలోకి ఫోను తీసుకుని, అందులో నడుస్తున్న కోడల్నే చూస్తూ నిలబడిపోయింది.

ఎనిమిదో రోజు ఆమె నుంచి ఫోనొచ్చింది. "సంజీవీ, పైయేడు జాతరకు నువ్వు రావాల" అంది. పెట్టేయబోయి మళ్లా అంది. "నేను పిలుస్తాండా. ఊరు పిలుస్తాందని కాదు."

మరుసటి ఏడు సంజీవమ్మ మామా దగ్గర మూడు వారాలు సెలవడిగింది.

"ఏం పని?" అంది మామా.

"మా ఊర్లో నీళ్లు మోయాల మామా."

"నీళ్లు మోయడానికి విమానమెక్కుతావా?" అని మామా నవ్వింది. కానీ సంజీవమ్మ మొహం చూసి నవ్వు ఆపి, సరేనంది.

జాతర రోజు గుడి ముందు అత్త తన చేతులతోనే ఘటానికి పసుపు రాసింది. రాసి, వెనక్కి జరిగి, కోడలికి దారి ఇచ్చింది. సంజీవమ్మ ఎత్తి తల మీద పెట్టుకుంది. డప్పులు మోగాయి. నాలుగడుగులు వేసిందో లేదో వెనక ఎవరివో అడుగుల చప్పుడు. మొగుడు పోయిన ఈరమ్మ, పెళ్లే కాని కుంటి లక్షుమ్మ, పిల్లల్లేరని పుట్టింటికి తోలేసిన మంగమ్మ, వాళ్ల వెనక ఇంకా ఎందరో. అన్నేళ్లూ జాతరను గోడల వెనకనుంచి చూసినవాళ్లు. ఒక్కొక్కరి తల మీద ఒక్కొక్క బిందె.

వాళ్లను ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆపనూ లేదు.