బెన్ లీరక్ మీద నాలుగు వందల గజాలు

రెండు వేల పద్నాలుగు జూన్ పదిహేడు, మంగళవారం. ఆ సాయంత్రం నా నేస్తం భార్య పెగీ వాళ్లింట్లో పొగబెట్టిన హాడక్ చేపను ఆలుగడ్డలూ ఉల్లిపాయలూ వేసి పాలలో ఉడికించి పెట్టింది. పక్కన ఓట్స్ రొట్టెలు, ఉప్పు వెన్న. చివర్లో పెరట్లోని పుల్లటి రూబార్బ్ కాడలు పంచదారతో మగ్గబెట్టి మీద మీగడ పోసింది. తేదీ ఎందుకు గుర్తుందంటే, నా భార్య ఇష్బెల్ పోయాక గడిచిన పది నెలల్లో నేను గిన్నె అడుగు కనబడేదాకా తిన్న మొదటి భోజనం అదే.

పెగీ నన్నెప్పుడూ బల్ల కొసన కూర్చోబెట్టేది. అక్కడ కూర్చుంటే పక్కన ఖాళీ కుర్చీ ఉండదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ పైకి అనలేదు. నేనూ అనలేదు.

పెగీ భర్త లాక్లన్ నా చిన్ననాటి నేస్తం. ముప్పై ఎనిమిదేళ్లు మా లోయలో రోడ్లు బాగుచేశాడు. నేను పట్నంలో కాలేజీలో భూగోళం చెప్పి రిటైరయ్యాను. మా ఇద్దరినీ కలిపి ఉంచినవి కొండలు. మా దేశంలో మూడు వేల అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు. మొత్తం రెండు వందల ఎనభై రెండు. కొందరు వాటన్నిటినీ ఎక్కాలని పట్టుపడతారు. ఎక్కినదానికల్లా జాబితాలో ఒక గీత పెట్టుకుంటూ పోతారు. చివరిదాన్ని మాత్రం ఒంటరిగా ఎక్కరు. అయినవాళ్లందరినీ పిలుచుకుని, పైకి వెళ్లి, శిఖరానికి గుర్తుగా పేర్చిన రాళ్ల కుప్ప పక్కన విస్కీ సీసా మూత తీస్తారు.

లాక్లన్ నలభై మూడేళ్లలో రెండు వందల ఎనభై ఒకటి ఎక్కాడు. చివరిదిగా దాచుకున్నది స్గూర్ ఉల్లన్. అది వాళ్ల వంటింటి కిటికీలోంచి కనబడే కొండ. పిల్లలు కంచంలో ఇష్టమైన ముక్కను చివరికి జరుపుకున్నట్టు దాన్ని అన్నేళ్లు జరుపుకుంటూ వచ్చాడు. ఇక జరపడానికి వీల్లేదు. వచ్చే నెలలో తుంటి ఆపరేషను. "ఇప్పుడు ఒక కొండ, అదీ మెల్లిగా. ఆ తర్వాత రోడ్డు మీద నడిస్తే చాలు," అన్నాడట డాక్టరు. శనివారానికి పద్నాలుగు మందిని పిలిచారు. పెగీ ఎండు పళ్ల కేకు చేసి, పైన తెల్లటి పంచదార పూతలో 282 అని రాసి, అల్మారాలో దాచింది.

ఆ సాయంత్రం మేం కూర్చున్నది దారి ఖాయం చేసుకోవడానికి. మా వాళ్లకు కొండ ఎక్కడమంటే సగం బల్ల మీదే జరుగుతుంది. ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి, వాగు ఎక్కడ దాటాలి, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి, ఎన్ని గంటలకు రాకపోతే కంగారు పడాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఇంట్లో ఉండేవాళ్ల చేతిలో పెట్టాలి. లాక్లన్ మ్యాపు ఎప్పుడో వానల్లో నాని మడతల దగ్గర చిరిగిపోయింది. అందుకని నేను ఇష్బెల్ మ్యాపు తీసుకెళ్లాను. ఆమె పోయాక దాన్ని విప్పడం అదే మొదలు. తెరవగానే పాత ఉన్ని వాసనా, ఎప్పటిదో నారింజ తొక్క వాసనా వచ్చాయి.

"ఒరేయ్ భూగోళం మాస్టారూ, నువ్వే చదవాలి. నా కళ్లద్దాలు గొర్రె తొక్కేసింది," అన్నాడు లాక్లన్.

"పాపం గొర్రె! నువ్వే వాటి మీద కూర్చున్నావు కదయ్యా," అంది పెగీ గిన్నెలు కడుగుతూనే.

"కూర్చునే చోట అవెందుకుండాలీ అని!"

"నువ్వే పెట్టావు కనక."

కిటికీ బయట ఎండ ఇంకా పొలాల మీదే ఉంది. మాకు జూన్ నెలలో పొద్దు గూకడమంటే చాలా సేపటి వ్యవహారం. చిన్న గాలి వీస్తోంది కాబట్టి నలుసంత దోమలు లోపలికి రాలేదు. ఆ గాలికి మనసులోనే దండం పెట్టుకుని, వేలు మ్యాపు మీద పెట్టాను.

లాక్లన్ కళ్లు మూసుకున్నాడు. మా పద్ధతి అదే. నేను చదువుతాను, అతను నడుస్తాడు.

"చెక్క వంతెన దగ్గర కారు ఆపుతాం. జింకల కంచె తలుపు దాటాక తెల్ల బెరడు భూర్జ చెట్లు."

"ఊఁ. నీడ. కాళ్ల కింద నాచు. పద."

"వాగు పక్కనే పైకి. రెండు పాయలు కలిసే చోట ఎడమ పాయ."

"అక్కడ నీళ్లు తాగాలి. పళ్లు జివ్వుమంటాయి."

"తర్వాత నిట్టనిలువు. వెయ్యి అడుగులు. రాళ్లు."

బల్ల కింద అతని కుడి కాలు మెల్లిగా కదిలింది. నిద్రలో పరుగెత్తే కుక్క కాలు కదిలినట్టు. అప్పటికి నేనూ కొండ మీదే ఉన్నాను. గాలిలో తడి, ఎక్కడో కోయిల, చేతికి తగిలే చల్లటి రాయి. చదవడం ఆపిన సంగతి కూడా నాకు తెలియలేదు.

అప్పుడు, స్గూర్ ఉల్లన్ నుంచి లోయకు అవతలి వైపు, నా మోచేతి దగ్గర, పెన్సిలు గీత ఒకటి కనబడింది.

అది బెన్ లీరక్ అనే కొండ. పంతొమ్మిది వందల తొంభై ఒకటి సెప్టెంబరులో నేనూ, ఇష్బెల్, లాక్లన్ ఎక్కాం. ఆ రోజంతా మంచు పొగ. మూడు గజాల అవతల మనిషి కనబడలేదు. దిక్సూచి నా చేతిలో ఉంది. నేనే ముందు నడిచి, అడుగులు లెక్కపెట్టి, రాళ్ల కుప్ప ముందు వాళ్లను నిలబెట్టి, "ఇదే శిఖరం," అన్నాను. అంత గర్వంగా నేను జీవితంలో మరే మాటా అనలేదేమో. లాక్లన్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇష్బెల్ కాసేపు తూర్పు వైపే చూస్తూ నిలబడి, "ఆకలేస్తోంది, దిగుదాం," అంది.

మ్యాపు మీద ఆ రాళ్ల కుప్ప చుట్టూ చిన్న సున్నా ఉంది. దాన్నుంచి తూర్పుకు ఒక బాణం గుర్తు. దాని కింద ఆమె సన్నటి రాత: "అసలు శిఖరం ఇంకా నాలుగు వందల గజాలు. మంచు ఒక్క నిమిషం విడింది, చూశాను. ఎఫ్ ముఖం ఎంత వెలిగిపోతోందో! ఇవాళ్టికి ఇది చాలు."

ఎఫ్ అంటే నేను, ఫర్కర్.

నా చెయ్యి దానంతటదే జరిగి ఆ రాతను కప్పేసింది. కళ్లు చెమర్చాయి. ఇరవై రెండేళ్లు ఒక మనిషి నా పక్కన పడుకుని, నా తప్పును తన దగ్గరే దాచిపెట్టి, ఒక్క పోట్లాటలోనూ బయటికి తీయలేదు. మేం పోట్లాడుకోలేదని కాదు.

"ఏరా, రాళ్ల మీద నన్ను వదిలేసి పోయావా?" అన్నాడు లాక్లన్ కళ్లు తెరవకుండా.

"ఉన్నాను. పైన కుప్ప దగ్గరికొచ్చేశాం."

"అమ్మయ్య." కళ్లు తెరిచాడు. "సరే, ఇక ఆ ఉత్తరం పని చూడు."

జాబితా పూర్తి చేసినవాళ్ల పేర్లు రాసి ఉంచే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. అన్నీ ఎక్కేశామని ఆయనకు ఉత్తరం రాస్తే, పుస్తకంలో పేరెక్కించి వరుస సంఖ్య ఒకటి పంపుతాడు. రుజువులు అడగడు, సాక్షుల్ని అడగడు. ఎక్కానన్న మాట చాలు. అందుకే మా వాళ్లు ఆ మాట విషయంలో అంత జాగ్రత్త. ఆ ఉత్తరం ఇప్పుడే రాసి ఉంచి, సోమవారం పోస్టు చెయ్యాలని లాక్లన్ కోరిక.

"నీ కాలేజీ భాషలో రాయి. నేను రాస్తే గుంతలు పూడ్చిన రిపోర్టులా ఉంటుంది."

పెగీ తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "మరీ పొగడకు. చదివి చదివి నా ప్రాణం తీస్తాడు."

'అయ్యా, ఈ జాబితాలోని శిఖరాలన్నిటి మీదా నేను నిలబడ్డానని' అని రాశాను. అక్కడ కలం ఆగింది. ఆ వాక్యాన్ని పూర్తి చేస్తే శనివారం పద్నాలుగు మంది నవ్వుతారు, సీసా తిరుగుతుంది, మా వాడు ఆపరేషను బల్ల మీదికి తృప్తిగా వెళతాడు. ఎవరికీ నష్టం లేదు. ఇష్బెల్ చేసింది అదే కదా అనుకున్నాను. కాని ఆమె కాపాడింది నా సంతోషాన్ని. నేను ఇప్పుడు దాచబోయేది నా తప్పును. రెండూ ఒకటి కావు. పైగా మాట అతనిది, సంతకం అతనిది.

మ్యాపు మీది నుంచి చెయ్యి తీశాను.

"లాక్లన్, మనం బెన్ లీరక్ ఎక్కలేదురా."

"ఏం మాటలవి?"

"నాలుగు వందల గజాల ముందే ఆగిపోయాం. తప్పు కుప్ప దగ్గర నిలబెట్టాను. తప్పు నాది. ఇదిగో, ఇష్బెల్ రాసుకుంది. నాకూ ఇప్పుడే తెలిసింది."

అతని కళ్లద్దాలు లేవు కాబట్టి అంతా చదివి వినిపించాల్సి వచ్చింది. లాక్లన్ లేచాడు. బల్ల అంచు పట్టుకుని, తుంటి సర్దుకుని, పెరటి వైపు వెళ్లిపోయాడు.

కిటికీలోంచి అతని వీపు కనబడుతోంది. పొయ్యి కోసం పేర్చిన పీట్ మట్టి ఇటుకల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇప్పటిదాకా రెండు కాళ్లలో ఒకటే చెడింది కదా, రెండోది నేను విరగ్గొట్టాను అనిపించింది.

"చెప్పకుండా ఉండాల్సిందంటావా?" అని పెగీని అడిగాను.

"చెప్పకుండా ఉంటే వచ్చే వారం నుంచి నువ్వు మా ఇంటికి రావడం మానేసేవాడివి. నీ సంగతి నాకు తెలియదా," అంది. అల్మారాలోంచి కేకు తీసి, కత్తి మొనతో చివరి అంకెను మెల్లిగా గీకింది. శనివారం ఒక కొండ ఎక్కినా ఇక లెక్క అంతే కదా, 282 కాస్తా 281 అయింది. రాలిన పంచదారను వేలితో అద్ది నా సాసరులో పెట్టింది. "తిను. పారేస్తే పాపం."

పావుగంటకు లాక్లన్ లోపలికి వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు, జుట్టు ముందు వైపు తడిగా ఉంది.

"మంచులో దిక్సూచి పట్టుకున్నవాడు భూగోళం మాస్టారు! నా రోడ్డు పనివాళ్లలో ఏ తాగుబోతును నిలబెట్టినా ఇంతకంటే నయం."

"తిట్టు."

"తిడుతూనే ఉన్నాను, అడ్డు రాకు." కుర్చీలో కూర్చున్నాడు. "ఎంత మంది పిల్లలకు దిక్కులు నేర్పావురా నువ్వు? వాళ్లంతా ఇప్పుడెక్కడున్నారో పాపం."

పెగీ నవ్వు ఆపుకోలేక గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అతనే మెల్లిగా అన్నాడు.

"శనివారం స్గూర్ ఉల్లన్ వద్దు. బెన్ లీరక్‌కి పోదాం."

"నీకు ఒక్క కొండే ఉంది లాక్లన్. అటు పోతే కిటికీ కొండ నీకు ఎన్నటికీ దక్కదు. జాబితా ఇక పూర్తి కాదు."

"తెలుసు. స్గూర్ ఉల్లన్ ఎక్కలేదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. రోజూ పొద్దున్నే ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం, మా మధ్య పేచీ లేదు. బెన్ లీరక్ విషయంలోనే ఇన్నేళ్లు ఎక్కానని చెప్పుకుంటూ తిరిగాను. అది పోవాలి."

"దూరం ఎక్కువ. పద్నాలుగు మైళ్లు."

"రాళ్లు లేవు కదా, అంతా గడ్డి ఉన్న కొండ వీపే. కూర్చుంటూ పోతాను. పిలిచినవాళ్లకేం చెబుదాం పెగీ?"

"కొండ మారింది, కేకు అదే అని చెబుతా. సగం మంది కేకు కోసమే వస్తున్నారు."

ఉత్తరం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. నేను వేలు లోయకు అవతలి వైపు పెట్టాను.

"గొర్రెల దొడ్డి దగ్గర మొదలు. బండ్ల బాట. మూడు మైళ్లు చదును."

"ఊఁ."

"తర్వాత గడ్డి. మెల్లిగా ఎత్తు. మధ్యాహ్నానికి కొండ వీపు మీదికి చేరతాం."

"మంచు ఉందా?"

"ఉంది. పల్చగా."

"ఉండనీ."

పొయ్యిలో పీట్ ఎర్రగా మెరుస్తోంది. నా వేలు సన్నటి గీతల మీదుగా పైకి పోతూ ఉంటే, మంచులోంచి గడ్డిపోచలు ఒక్కొక్కటే బయటికి వచ్చినట్టుంది. మా ముందు ఎవరో తేలిగ్గా నడుస్తున్న అడుగుల చప్పుడు కూడా వినబడింది. నేను దాన్ని తోసెయ్యలేదు.

"పాత కుప్ప వచ్చింది," అన్నాను.

"అక్కడ ఇష్బెల్ ఉందా?"

"ఉంది. రాయి మీద కూర్చుని నారింజ ఒలుస్తోంది."

"నీ మొగుడి కంటే నీకే దిక్కులు బాగా తెలుసమ్మా అని చెప్పు."

"చెప్పాను. నవ్వింది."

"సరే, ఆమెను కూర్చోనీ. మనం పోదాం. తూర్పుకే కదా?"

"తూర్పుకే."

నా వేలు పెన్సిలు బాణం మీదుగా జరిగింది. అర అంగుళం కూడా లేదు. కాని అది జరగడానికి చాలా సేపు పట్టింది. ఎందుకంటే లాక్లన్ లోపల్లోపల అడుగులు లెక్కపెడుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. నేను తొందరపెట్టలేదు. చాలాసేపటికి అతను ఊపిరి వదిలి, "ఇంకేం లేదు పైన," అన్నాడు.

అక్కడికి వెళ్లి నిలబడగలడో లేదో శనివారమే తేలాలి. వెనక్కి తిరగాల్సిన వేళ మధ్యాహ్నం రెండు అని కాగితం మీద రాశాను. రాత్రి ఎనిమిదికల్లా రాకపోతే కొండల్లో వెతికేవాళ్లకు కబురు చెయ్యాలని రాశాను. పెగీకి ఇవ్వబోతే, ఆమె కుర్చీలోనే నిద్రపోయింది. కాగితాన్ని ఆమె ఒళ్లోని గుడ్డ మీద పెట్టాను.

లాక్లన్ నన్ను గేటు దాకా సాగనంపాడు. పది దాటినా ఆకాశం ఇంకా పాలరంగులోనే ఉంది.

"శనివారం దిక్సూచి నా దగ్గరుంటుంది," అన్నాడు.

"మంచిది."

"ఫర్కర్." గేటు తీసి పట్టుకున్నాడు. "ఆ ఉత్తరం మీద నా చేత సంతకం పెట్టించలేదు నువ్వు." ఆ మాట అని, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, చేతికర్ర ఆనించుకుంటూ వెనక్కి తిరిగాడు.

నేను రోడ్డు మీద నిలబడి చూశాను. గడప మెట్టు ఎక్కడానికి అతనికి కాస్త సేపు పట్టింది. లోపల పెగీ నిద్రపోతోంది కాబట్టి, గొళ్లెం చప్పుడు కాకుండా బొటనవేలితో ఎత్తి పట్టుకుని, ఆ రాత్రికి తలుపు మెల్లిగా మూసుకున్నాడు.