ఉప్పు తిన్న నేల

వంకాయలు వాడిపోయాయని హనుమండ్లు సంచిని వాకిట్లో బోర్లించాడు. వాటిని ఏరి తెచ్చింది అతనే. తప్పు మాత్రం పెళ్లాం అనసూర్యది.

"ఇంట్ల ఊకె కూసుంటవ్ గదనే. పెరట్ల నాలుగు బీరపాదులు పెడితె నీ చేతులేమన్న అరిగిపోతయా? ఆకుకూరకు గూడ బజారుకే పోవాల్నా?"

ఊకె కూర్చోవడమంటే ఏమిటో ఆమె చేతులకు బాగా తెలుసు. జమ్మికుంట పత్తి మార్కెట్ దారిలో ఉన్న తమ కిరాణా దుకాణంలో అమ్మే చింతపండుకు గింజ తీసేది ఆమె. మిరపకాయల తొడిమలు తుంచేది, కందిపప్పులో రాళ్లు ఏరేది, బెల్లం దిమ్మలు పగలగొట్టేది, మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తే తరాజు పట్టేది ఆమె. జీతగాడైతే పండుగకు బట్టలడుగుతాడు. ఎద్దయితే మేత వెయ్యకపోతే కదలదు. ఆమెకు ముట్టేది మాత్రం ఒకటే మాట. కంచంలో అన్నం పడగానే అత్త అనే మాట. "మా ఉప్పు తింటున్నవ్, యాదిలుంచుకో."

ఉప్పుకు ఆ ఇంట్లో కొదవ లేదన్నది నిజమే. మామ ఉప్పు వ్యాపారంతోనే దుకాణం పెట్టాడు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఊళ్లో ఇప్పటికీ 'ఉప్పోళ్ల ఇల్లు' అనే అంటారు.

ఆ ఇంటికి ఆమె వచ్చి ఏడేళ్లు. కడుపు పండలేదు. కరీంనగర్‌లో లేడీ డాక్టరు పరీక్ష చేసి, "నువ్వు మంచిగనే ఉన్నవమ్మా, మీ ఆయనను తోల్కరా" అన్నది. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు హనుమండ్లు కంచం విసిరేశాడు. "నాకేం రోగం?" అన్నాడు. "మొగోనికి పరీచ్చలేందే, సిగ్గులేదా?" అన్నది అత్త. దుకాణంలో ఎవరైనా సరుకు బాగాలేదంటే, బస్తాలో చెయ్యి పెట్టి చూసుకోమంటాడు అతను. తన బస్తా మూతి మాత్రం విప్పనివ్వడు.

అందుకే వంకాయల మాట వినగానే ఆమె ఎదురు చెప్పలేదు. పెరడంటే కనీసం నాలుగు గోడల మధ్యనైనా ఆకాశం కనబడే చోటు. శివరాత్రి వెళ్లింది, చలి తగ్గింది. గడ్డపార తీసుకుని అత్తను అడిగింది.

"ఎక్కడ పెట్టుమంటవ్ అత్తా?"

అత్త వక్క కొరుకుతూ గడప మీద నుంచే వేలు చూపింది. "గా వెనుక గోడ పక్కపొంటి పెట్టు. సాఫ్‌గున్నది సూడు."

నిజంగానే శుభ్రంగా ఉంది. పెరడంతా గరిక, తుమ్మి, పల్లేరు. ఆ గోడ పక్కన మాత్రం గడ్డిపోచ లేదు. అనసూర్య తండ్రి బోథ్ చుట్టుపక్కల సంతల్లో బట్టల మూట తిప్పినవాడు. తానులో మరక ఎక్కడుందో ఆమె చీకట్లోనైనా చెప్పగలదు. మన్ను సంగతి తెలియదు. మచ్చలేని బట్ట మంచి బట్ట అయినట్టే గడ్డిలేని నేల మంచి నేల అనుకుంది. తవ్వీ తవ్వీ అరచేతులు బొబ్బలెక్కాయి. బీర, సొర, బెండ గింజలు పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు చుక్క పోకుండా తెచ్చి పోసింది.

ఒక్క గింజా మొలవలేదు. తడిగుడ్డలో మూటకట్టి, మొలక చూసుకుని మళ్లీ పెట్టింది. గుడ్డలో తెల్లగా ముక్కు పొడుచుకొచ్చిన మొలకలు మట్టిలో పడగానే మాడినట్టయి కుళ్లిపోయాయి.

అత్తకు కావలసింది అదే. పక్కింటి బాలలక్ష్మికి వినబడేలా గోడ మీదుగా అన్నది. "గింజ జేసిన పాపమేందమ్మా? గొడ్డు చెయ్యి తగిలితె రాయి గూడ పగులుతది. భూమి గూడ ఒప్పుకుంటలేదు దీన్ని."

హనుమండ్లు అన్నం తింటూ నవ్వాడు. ఆ నవ్వుతోనే, చారు కలుపుకుంటూనే, మరో మాట వేశాడు. "ధర్మపురి దిక్కు ఒక పిల్ల ఉన్నదట. మా అవ్వ మాట్లాడుతున్నది. ఇంట్లకు ఇంకో మనిషొస్తె నీకే ఆసరయితది. నువ్వేం ఫికర్ చెయ్యకు, నిన్ను ఎల్లగొడ్తలేం."

ఆ రాత్రి అంట్లు తోముతూ ఆమె తన చేతుల వంక చూసుకుంది. తన మీద తనకే అసహ్యం పుట్టించడంలో ఎంత నేర్పరులు వీళ్లు! ఏడేళ్లుగా వాళ్లన్న ఏ మాటా నమ్మలేదు ఆమె. మొలవని గింజ మాత్రం నమ్మించింది. మనుషులు అబద్ధమాడుతారు గానీ మన్నెందుకు ఆడుతుంది? ఆ ఒక్క రాత్రి, కొత్త పిల్ల వస్తే ఏ మూలన చాప వేసుకోవాలో కూడా అనుకుంది.

మర్నాడు ఎండ ఎక్కాక నీళ్లు పోయడానికి వెళితే, ఆరిన పాదుల మీద తెల్లటి పొర కనబడింది. పిండి చల్లినట్టు. ఆమె ఆగిపోయింది. దుకాణంలో బెల్లం పాతదా కొత్తదా, ధనియాలు తడిసినవా ఎండినవా, అన్నిటికీ ఆమె నాలుకే తరాజు. ఆ అలవాటుకొద్దీ చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకుంది.

గళ్లుప్పు. ఎవరింటి ఉప్పో కాదు, ఈ ఇంటిదే.

"అత్తా, గోడ పక్కకు ముందుగాల ఏముండె?"

"ఏముంటది? మీ మామ ఉన్నప్పుడు లారీల దిగిన ఉప్పు బస్తాలన్ని గాడనే ఏద్దుము. ఉప్పునెవ్వడెత్కపోతడు?" అన్నది అత్త, వక్క కొరకడం ఆపకుండా. ఆ కళ్లలో తత్తరపాటు లేదు, మరిచిపోయిన జాడ లేదు. తెలిసే చూపించింది. చచ్చిన నేలను వేలుపెట్టి చూపించి, మొలవకపోతే చెయ్యి గొడ్డుదన్నది.

అనసూర్య ఆ మన్ను మాట దాచుకుంది. కొనేవాడు రాకముందే సరుకు బయటపెట్టేవాళ్లు వ్యాపారం చెయ్యలేరు. దుకాణం వెనుక పడేసిన నూనె డబ్బాలకు అడుగున బొక్కలు కొట్టింది. బాలలక్ష్మి ఇంట్లో చేదబావికి పూడిక తీస్తుంటే, గంపెడు గంపెడుగా ఆ మన్ను అడిగి తెచ్చుకుని నింపింది. గింజలు అవే, నీళ్లు అవే, చెయ్యీ అదే. తరాజులో ఒక్క మన్నే మారింది.

ఉగాది నాటికి డబ్బాల్లో పచ్చటి చెవులు లేచాయి. ఎండలు ముదిరేసరికి బీర గోడెక్కింది. బెండ డబ్బాల్లోనే నిటారుగా నిలబడి పసుపుపచ్చ పూలు పూసింది. "డబ్బాలల్ల ఏదైనా మొలుస్తది, గదేం చెట్టు?" అని అత్త మూతి తిప్పింది. హనుమండ్లు రోజూ ఆ బెండకాయలే తిని, ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో అన్నాడు. అనసూర్య డబ్బాలకు నీళ్లు పోస్తూ ఒకటి గమనించింది. నేలలో నాటిందయితే నాటిన చోటే చావాలి. డబ్బాలోది మనం ఎత్తుకున్న చోటికల్లా వస్తుంది.

వైశాఖంలో ధర్మపురి పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. పిల్ల తల్లి సక్కుబాయి, ఆమె అన్న. అనసూర్యే వండింది, అనసూర్యే వడ్డించింది. అత్త ఆమెను చూపించి, "గీమె ఊకెనె ఓ మూలకుంటది. పని జేసుకుంటది, మాట్లాడది" అన్నది, పాత బీరువా గురించి చెబుతున్నట్టు.

సక్కుబాయి బీరకాయ కూర మళ్లీ వేయించుకుంది. "మస్తు లేతగున్నయ్. యాడ దెచ్చిన్రు?"

"తెచ్చుడేంది వదినె, మా పెరట్లయే. మా చేతి గుణం గట్లాంటిది."

తిన్నాక చేతులు కడుక్కోవడానికి సక్కుబాయి పెరట్లోకి వచ్చింది. అనసూర్య చెంబుతో నీళ్లు వంచింది.

"ఎవలు పెట్టిన్రు చెల్లె గివన్ని?"

"నేనే అక్కా."

సక్కుబాయి ఆ చేతుల వంక, తర్వాత మొహం వంక చూసింది. వాళ్ల ఊరి దాకా వెళ్లిన మాట 'గొడ్డు చెయ్యి' అన్నదే అయి ఉంటుంది. "మరి గా గోడ పక్కకు గంత జాగ ఉత్తగనె ఉన్నదేంది?"

"గాడ గూడ నేనే పెట్టిన. గివ్వే గింజలు. ఒక్కటి మొలవలే." అనసూర్య వంగి చిటికెడు మన్ను తీసి, ఆమె తడి అరచేతిలో పెట్టింది. "జర నాలిక మీద ఏసుకో అక్కా."

సక్కుబాయి వింతగా చూసింది. అయినా వేసుకుంది. వెంటనే తుపుక్కున ఉమ్మింది. "థూ! ఉప్పు!"

"అవ్ అక్కా. నా చెయ్యే గొడ్డుదన్నరు. డాక్టరమ్మ నన్ను జూసి మంచిగనే ఉన్నవన్నది. ఆయనను దోల్కరమ్మన్నది. ఏడేండ్లాయె, రాలే." ఆమె మళ్లీ చెంబు వంచింది. "నోరు పుక్కిలించు. నీ బిడ్డ, నీ ఇష్టం."

సక్కుబాయి నోరు కడుక్కుంది. బోడిగా ఉన్న ఆ నేల వంక ఒకసారి, గోడెక్కిన బీర వంక ఒకసారి చూసింది. లోపలికి వెళ్లి చాయ్ కప్పు ముట్టుకోకుండా, "అన్నా, లెవ్వు. బస్సు పోతది" అన్నది. "ముచ్చట గాలె గదా?" అని అత్త వెంటపడ్డా వినిపించుకోలేదు.

హనుమండ్లు పెరట్లోకి ఊగిపోతూ వచ్చాడు. వెనకాలే అత్త.

"ఏం జెప్పినవే గామెకు? ఏం మందు వెట్టినవ్?"

అనసూర్య పూతమీదున్న బెండ డబ్బాను రెండు చేతులా ఎత్తి చంకనేసుకుంది. అత్త చూపు గోడ పక్కకు పోయి, అక్కడే ఆగిపోయింది. వక్క కొరకడం ఆగింది.

"ఏం జెప్పలే," అన్నది అనసూర్య, వాకిలి వైపు అడుగేస్తూ. "మీ ఉప్పు జర రుచి జూపిన, గంతె. నేనైతె ఇగ తిన."