మళ్ళీ వచ్చిన నెలసరి

క్యాన్సరని రొమ్ము తీసేసి మందులెక్కించాక ఆగిపోయిన నెలసరి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ కనిపించేసరికి ఇంటిల్లిపాదీ గాల్లో తేలిపోయారు. "మా కోడలికి పోయిన కళ తిరిగొచ్చింది" అంది అత్తగారు. గోడలకి రంగులేసే మొగుడి సంగతి చెప్పనక్కర్లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టబోయే బిడ్డ కోసం పక్కగదికి అప్పుడే రంగు కలపడం మొదలుపెట్టాడు. ఆడదాని ఒంట్లో ఏం జరుగుతోందో ఆడదాన్ని అడక్కుండా ఊరంతా చాటింపు వేసేవాళ్ళని ఏమనాలి?

వారాలు గడిచినా ఆగనిది నెలసరి కాదని ఆమెకే అనుమానం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి గర్భసంచిలోంచి ముక్క తీయించి పరీక్ష చేయించుకుంది. ఈ పొద్దున డాక్టరమ్మ తేల్చి చెప్పింది. రొమ్ముకొచ్చిన క్యాన్సరే గర్భసంచిలోకి పాకింది. పిల్లల మాట మరిచిపోయి మళ్ళీ మందులు మొదలుపెట్టాలి.

ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళాలో తెలియక ఆమె తిన్నగా డ్యూటీకొచ్చింది. బస్టాండులో టికెట్లమ్మే గది అది. ముందు అద్దం, వెనక గడియ పెట్టిన తలుపు, మధ్యలో ఒక్క కుర్చీ. తర్వాతి డ్యూటీ మనిషి వచ్చేదాకా లేవడానికి లేదు. ఏడుద్దామన్నా ఎదురుగా క్యూ. టికెట్లు ఇస్తూనే ఉంది.

తలెత్తేసరికి అద్దం అవతల మొగుడు. చేతులకి పసుపు రంగు, మొహం నిండా నవ్వు.

"గది అయిపోయిందే! అమ్మ మీ అక్కకి కూడా ఫోన్ చేసేసింది. సాయంత్రం అందరూ వస్తున్నారు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే జాలేసింది.

"అది నెలసరి కాదండీ" అంది మెల్లగా.

"ఆఁ? వినపడట్లేదు."

"ఇంటికెళ్ళండి, వచ్చాక చెప్తా."

"వినపడట్లేదే! ఆ మైకులో చెప్పు."

"కానివ్వండి బాబూ, బస్సు పోతోంది" అంటూ వెనకవాళ్ళు తోస్తున్నారు. ఆయన కదిలితేనా! అద్దానికి చెవి ఆనించి నిలబడ్డాడు.

ఆమె మైకు మీట నొక్కింది.

"అది నెలసరి కాదండీ. క్యాన్సర్ గర్భసంచికి పాకింది."

బస్టాండంతా వినపడింది. తోస్తున్నవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆయన గది వెనక్కి పరిగెత్తి తలుపు బాదసాగాడు.

"తియ్యి! తలుపు తియ్యవే!"

తీస్తే ఇక ఆయన్ని ఓదార్చాలి. అత్తగారిని ఓదార్చాలి. సాయంత్రం వచ్చే చుట్టాలందర్నీ కూర్చోబెట్టి ఓదార్చాలి. తనకి భయమేస్తోందన్న మాట అనడానికి ఆ ఇంట్లో చోటెక్కడ?

ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"తర్వాత ఎవరండీ?" అంది మైకులో.