వెనక అట్ట లోపల

నేను ఒక చేతిపుస్తకాన్ని. విజయవాడలో ఓ ప్రెస్సులో పుట్టాను. వియన్నా చూడబోయే తెలుగువాళ్ళకు కావలసిన సంగతులన్నీ నా తొంభై పేజీల్లో ఉన్నాయి. అక్కడ కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు. ట్రాములో కండక్టరు రాడు, టిక్కెట్టు మీద ముద్ర మనమే వేసుకోవాలి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. అత్యవసర ఫోన్ నంబర్లు మాత్రం చప్పున దొరకాలని వెనక అట్ట లోపల అచ్చు వేశారు. అక్కడే కొంప మునిగింది.

నన్ను కొన్న కనకవల్లి తెనాలిలో ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసింది. పుస్తకం కనబడితే అట్ట వేయకుండా ఆమె చేతులు ఊరుకోవు. గోధుమరంగు కాగితం చుట్టి, అంచులు లోపలికి మడిచి, జారిపోకుండా జిగురుతో అంటించింది. పైన గుండ్రటి అక్షరాలతో పేరు, ఊరు రాసుకుంది. కొత్త ముస్తాబు చూసుకుని నేనూ మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

వియన్నా చేరాక ఓ ఆదివారం పొద్దున్నే ఆమే, భర్త వీరభద్రంగారూ ట్రాము కోసం స్టాపులో బల్ల మీద కూర్చున్నారు. వీధిలో నరమానవుడు లేడు. ఉన్నట్టుండి ఆయన గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయారు.

"వల్లీ... ఊపిరాడటంలేదే."

"ఏమండీ, నన్ను చూడండి! కళ్ళు మూసుకోమాకండి!"

ఆమె కేకలకు ఒక్క కిటికీ తెరుచుకోలేదు. ఫోన్‌లో 108 కొట్టింది. మన అంబులెన్సు అక్కడికెలా వస్తుంది? మళ్ళీ కొట్టింది. చివరికి నన్ను తెరిచింది. కాఫీ హోటళ్ళు, టిప్పులు, మరుగుదొడ్లు... ఆ పూట పనికిరాని సమాచారమంతా ఆమె కళ్ళ ముందు పరిచాను. వెనక చూడు తల్లీ, వెనక అని లోలోపల గింజుకున్నాను. ఇన్ని మాటలు అచ్చేయించుకుని ఒక్కటీ నోటితో చెప్పలేని బతుకు నాది.

డెబ్బయ్యో పేజీలో ఆ వాక్యం దొరికింది: 'ప్రాణాపాయమైతే వెనక అట్ట లోపల చూడండి.' తిప్పి చూస్తే గోధుమరంగు కాగితం. తన పనితనమే.

"అయ్యో, నా చేతులు పడిపోను!"

పిల్లలు పుస్తకం మూల మడిచినా ఊరుకోని మనిషి, గోళ్ళతో రక్కి అట్టను నిలువునా చించేసింది. దాంతోపాటు నా ఒళ్ళూ కొంత ఊడింది. అంకెలు మాత్రం మిగిలాయి. 144.

అంబులెన్సు వచ్చేసరికి ఆయన కళ్ళు మూసి ఉన్నాయి. ఆమె ఆయన చెయ్యి వదలకుండా లోపలికెక్కింది. నేను బల్లకింద పడిపోయాను.

ఇప్పుడు పోయిన వస్తువులు దాచే ఆఫీసులో గొడుగుల మధ్య ఉన్నాను. పేరు రాసిన ఆ అట్ట గాలికి ఎటో కొట్టుకుపోయింది. నేనెవరిదాన్నో ఇక్కడెవరికీ తెలియదు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమే వచ్చిందనుకుంటాను. నన్ను తీసుకువెళ్ళకపోయినా ఫర్వాలేదు తల్లీ. ఆయన బతికారా? అదొక్కటి చెప్పి వెళ్ళు.